కార్బోస్ పనిచేయడం లేదంటే నీ గార్చాంప్ పాడైపోయిందని కాదు

తమ్ముడూ, నీ ప్రశ్న మొత్తం చదివాను. తర్వాత ఇక్కడికి వచ్చేవాళ్ళకి కూడా అర్థం కావాలి కాబట్టి ముందు దాన్ని నాలుగు ముక్కల్లో చెప్తాను. పోకెమాన్ స్కార్లెట్ అనే వీడియో గేమ్ కథ పూర్తి చేశావు. దారిలో పట్టుకున్న గిబుల్ అనే పోకెమాన్‌ని చివరిదాకా వెంట తిప్పుకుని, దాని ఎదిగిన రూపమైన గార్చాంప్ చేశావు. ఇప్పుడు ఫ్రెండ్‌తో ఆన్‌లైన్‌లో ఆడుతుంటే, ఇద్దరివీ లెవల్ 50 గార్చాంప్‌లే అయినా ప్రతిసారీ అతనిదే ముందు కొడుతోంది. అతనిది స్పీడ్ 169, నీది 130. పుట్టుక గుణాన్ని చూపించే జడ్జిలో చూస్తే నీ దాని స్పీడ్ "బెస్ట్" అనే ఉంది. నేచర్, అంటే దాని స్వభావం, హార్డీ. ఉన్న డబ్బంతా పెట్టి స్పీడ్ పెంచే మందు కార్బోస్ 26 కొన్నావు, వాడబోతే ప్రభావం ఉండదని మెసేజ్ వచ్చింది. "దాని ఈవీలు (పెంపకంతో చేరే పాయింట్లు) పాడైపోయాయి, వదిలేసి గుడ్డు నుంచి కొత్తది పెంచుకో" అని ఫ్రెండ్ అన్నాడు. నిజంగా వదిలేయాలా అని నువ్వు అడుగుతున్నావు.

వద్దు. వదిలేయాల్సిన అవసరం అస్సలు లేదు. ఆ గార్చాంప్‌నే ఒక్క సాయంత్రంలో 169కి తేవచ్చు. కొన్న కార్బోస్ కూడా ఎక్కడికీ పోలేదు, ప్రభావం లేనప్పుడు ఆట వాటిని ఖర్చు చేయదు, బ్యాగ్‌లో చూసుకో.

ముందు ఆ 130 ఎలా వచ్చిందో చూద్దాం. తెరమీద కనిపించే స్పీడ్ వెనక, లెవల్ కాకుండా, నాలుగు విషయాలుంటాయి. మొదటిది జాతి. గార్చాంప్ అయితే చాలు, ఎవరిదైనా సరే, బేస్ స్పీడ్ 102. రెండోది పుట్టుకతో వచ్చేది, ఐవీ. ఇది 0 నుంచి 31 దాకా ఉంటుంది. జడ్జి "బెస్ట్" అన్నాడంటే నీది 31. మూడోది నేచర్, ఒక స్టాట్‌ని (స్పీడ్, అటాక్ లాంటి అంకెని) పది శాతం పెంచి ఇంకోదాన్ని పది శాతం తగ్గిస్తుంది. హార్డీ మాత్రం ఏదీ పెంచదు, ఏదీ తగ్గించదు. నాలుగోది నువ్వు పెంచిన పెంపకం, అదే ఈవీ. ప్రతి 4 ఈవీలకి లెక్కలో 1 చేరుతుంది.

లెక్క ఇలా వేస్తారు. బేస్‌ని రెట్టింపు చేసి, ఐవీ కలిపి, ఈవీలో నాలుగోవంతు కలిపి, లెవల్‌తో గుణించి 100తో భాగించాలి. వచ్చినదానికి 5 కలిపి, చివర్లో నేచర్ గుణకం వేయాలి. దశాంశాలు ఎక్కడికక్కడ కొట్టేయాలి. హెచ్‌పీకి, అంటే ప్రాణశక్తికి, మాత్రం 5 బదులు లెవల్, ఇంకో 10 కలుపుతారు, నేచర్ దాన్ని తాకదు.

నీ గార్చాంప్‌కి వేద్దాం. 102 రెట్టింపు 204, దానికి 31 కలిపితే 235. లెవల్ 50 కాబట్టి సగం. ఈవీలు అసలు లేకపోతే 117, దానికి 5 కలిపితే 122 రావాలి. నీకు 130 ఉంది. అంటే 8 ఎక్కువ. వెనక్కి లెక్కేస్తే నీ స్పీడ్ ఈవీలు 60కీ 67కీ మధ్యలో ఉన్నాయి. మీ ఫ్రెండ్ స్పీడ్‌లో 252 పెట్టి, స్పీడ్ పెంచే జాలీ నేచర్ తీసుకున్నాడు. 235కి 63 కలిపితే 298, సగం 149, 5 కలిపితే 154, దానికి పది శాతం కలిపితే 169. మీ ఇద్దరి మధ్య ఉన్న 39 పాయింట్ల తేడా మొత్తం ఇదే. అందులో పుట్టుకతో వచ్చిన తేడా ఒక్క పాయింట్ కూడా లేదు. నీ గార్చాంప్ తక్కువ రకం కాదు.

మరి కార్బోస్ ఎందుకు పట్టలేదు? ఒక పోకెమాన్‌కి మొత్తం ఈవీల కోటా 510. ఒక్క స్టాట్‌లో 252కి మించి పట్టవు. ఆరు మడులు ఉన్న పొలం, చెరువులో నీళ్ళు రెండు మడులకి మాత్రమే నిండుగా సరిపోతాయి అనుకో. కథ నడిచినన్ని రోజులూ నీ గార్చాంప్ కనిపించిన ప్రతిదాన్నీ కొట్టింది. ఓడిన ప్రతి పోకెమాన్ ఏదో ఒక స్టాట్‌లో 1, 2, లేదా 3 ఈవీలు ఇస్తుంది. లెచాంక్ అనే పోకెమాన్ హెచ్‌పీ ఇస్తుంది, యంగూస్ అటాక్, స్కాటర్‌బగ్ డిఫెన్స్, గాస్ట్లీ స్పెషల్ అటాక్. అలా నీళ్ళన్నీ ఆరు మడుల్లోకీ కొంచెం కొంచెంగా వెళ్ళిపోయాయి. 510 నిండాక ఇంకో కార్బోస్ పోయడానికి చోటు లేదు, అందుకే ఆ మెసేజ్. చూడాలంటే పోకెమాన్ వివరాలు తెరిచి, స్టాట్స్ పేజీలో ఎల్ బటన్ నొక్కు, ఈవీల గ్రాఫ్ కనిపిస్తుంది. నీది ఆరు వైపులకీ కాస్త కాస్త సాగిన ఆకారంలో ఉంటుంది. 252 నిండిన స్టాట్ దగ్గర మెరుపు కనిపిస్తుంది.

ఆ గ్రాఫ్ ఉండటం ఎంత పెద్ద సుఖమో మాలాంటి పాతవాళ్ళకి తెలుసు. మొదట్లో, అంటే 1996లో జపాన్‌లో వచ్చిన ఆటల్లో, ఈ సమస్యే లేదు. ఒక్కో స్టాట్‌కి 65,535 దాకా అనుభవం చేరేది, ఓపిక ఉంటే అన్నీ నింపేయొచ్చు. 2002లో రూబీ, సఫైర్ అనే ఆటలు వచ్చాకే 510 కోటా వచ్చింది. జపాన్ ఆటగాళ్ళు దీన్ని దొర్యొకుచి అంటారు, అంటే శ్రమ విలువ. నాకు ఆ మాట చాలా ఇష్టం. కోటా వచ్చిన రోజు నుంచే, అన్నీ నింపడం పోయి, ఏది వదులుకోవాలో తేల్చుకోవడం మొదలైంది.

నేను ఇది నేర్చుకున్నది ఎమరాల్డ్ అనే పాత పోకెమాన్ ఆటలో, మా బాబాయ్ తెచ్చిచ్చిన గేమ్‌బాయ్ అడ్వాన్స్ మీద. ట్రీకో ఎదిగితే వచ్చే సెప్టైల్‌ని వేగంగా చేయాలని, ట్రీకోని పట్టుకుని రూట్ 101 గడ్డిలో తిరిగేవాడిని. అక్కడ జిగ్‌జాగూన్ స్పీడ్ 1 ఇస్తుంది. విన్‌స్ట్రేట్ కుటుంబాన్ని ఓడిస్తే ఇచ్చే మాచో బ్రేస్ తగిలిస్తే అది 2 అవుతుంది. అంటే 252 కావాలంటే 126 జిగ్‌జాగూన్‌లు. మధ్యలో పూచియెనా వస్తే అటాక్, వర్మ్‌పుల్ వస్తే హెచ్‌పీ, కాబట్టి అవి ఎదురైతే పారిపోవాలి. లాంగ్ నోట్‌బుక్ చివరి పేజీలో నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత, అలా కట్టలు కట్టలుగా లెక్క రాసేవాడిని. ఆ ఆటలో యుద్ధం అవ్వగానే స్టాట్ అంకె మారేది కాదు, మామూలుగా లెవల్ పెరిగినప్పుడే కనిపించేది. ఒకరోజు అమ్మ అన్నానికి పిలిచింది. తిరిగొచ్చి చూస్తే చివరి కొట్టుడుకి గీత పెట్టానో లేదో గుర్తు రాలేదు. దాన్ని సరిచూసుకునే దారి ఆటలో ఎక్కడా లేదు. స్లేట్‌పోర్ట్ సంతలో ఒక ఆవిడ ఉంటుంది, మొత్తం కోటా నిండిన పోకెమాన్‌ని చూపిస్తే రిబ్బన్ ఇస్తుంది. మనం సరిగ్గా పూర్తి చేశామని చెప్పే మనిషి ఆట మొత్తంలో ఆవిడ ఒక్కతే. ఆ రిబ్బన్ చేతికొచ్చిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే చెప్తున్నాను, ఎల్ బటన్ నొక్కగానే కనిపించే ఆ గ్రాఫ్‌ని రోజూ చూసుకో.

సరే, ఇప్పుడు పని. ముందుగా సెట్టింగ్స్‌లో ఆటోసేవ్ ఆపి, చేత్తో ఒకసారి సేవ్ చేసుకో. ఎక్కడైనా తప్పు పోతే వెనక్కి రావచ్చు.

తర్వాత అక్కర్లేని ఈవీలు తీసేయాలి. దీనికి ఆరు రకాల బెర్రీలున్నాయి, ఒక్కోటి ఒక్కో స్టాట్‌లో 10 ఈవీలు తగ్గిస్తుంది. పోమెగ్ హెచ్‌పీకి, కెల్ప్సీ అటాక్‌కి, క్వాలాట్ డిఫెన్స్‌కి, హాండ్యూ స్పెషల్ అటాక్‌కి, గ్రేపా స్పెషల్ డిఫెన్స్‌కి, టమాటో స్పీడ్‌కి. నీకు స్పీడూ అటాకూ కావాలి కాబట్టి టమాటో, కెల్ప్సీ జోలికి పోవద్దు. చాలామంది ఇక్కడే తొందరపడి అన్నీ సున్నాకి తెచ్చేస్తారు. స్పీడ్‌లో నీకు ఇప్పటికే ఉన్న 60 చిల్లర ఈవీలంటే ఆరు కార్బోస్, అంటే 60,000. వాటిని పారబోయడం ఎందుకు? మిగతా నాలుగు స్టాట్‌లకి మాత్రం, ఇక తగ్గదు అని చెప్పేదాకా బెర్రీలు తినిపించు. ఈ బెర్రీలు స్నేహం కూడా పెంచుతాయి. బ్యాగ్‌లో చాలకపోతే పోర్టో మారినాడ వేలంపాటలో చూస్తుండు. నీ దగ్గర టీల్ మాస్క్ డీఎల్‌సీ (విడిగా కొనే అదనపు భాగం) ఉంటే ఇంకో దారి ఉంది, అందులోని ఓగర్ ఔస్టిన్ అనే చిన్న ఆట ఆడితే వచ్చే ఫ్రెష్ స్టార్ట్ మోచీ ఒక్కటి తినిపిస్తే అన్నీ ఒకేసారి సున్నా అవుతాయి. బెర్రీలు బొత్తిగా లేకపోతే తప్ప నీ విషయంలో దాన్ని వాడమనను, కారణం పైన చెప్పిందే.

చోటు దొరికాక నింపడం. కార్బోస్ ఒక్కోటి 10 ఈవీలు. నీకు 60 నుంచి 67 ఉన్నాయి కాబట్టి 252 చేరడానికి 19 లేదా 20 చాలు, ఆరేడు మిగులుతాయి, ఇంకో పోకెమాన్‌కి పనికొస్తాయి. పాత ఆటల్లో ఇలాంటి మందులు ఒక స్టాట్‌లో 100 ఈవీల దాకానే పనిచేసేవి, మిగతాది యుద్ధాల్లోనే సంపాదించాలి. స్వోర్డ్, షీల్డ్ ఆటల నుంచి ఆ హద్దు తీసేశారు. నెట్‌లో పాత గైడ్ చదివి పదితో ఆపేవాళ్ళని ఇప్పటికీ చూస్తుంటాను.

అటాక్‌కి ప్రోటీన్ అనే మందు కావాలి, అదీ ఒక్కోటి 10,000. డబ్బు అయిపోయిందన్నావు కాబట్టి దాన్ని యుద్ధాల్లో సంపాదించు. డెలిబర్డ్ ప్రెజెంట్స్ దుకాణంలో పవర్ బ్రేసర్ కొని గార్చాంప్‌కి తగిలించు. ఓడించిన ప్రతి పోకెమాన్‌కీ అటాక్‌లో అదనంగా 8 ఈవీలు చేరతాయి. యంగూస్ మామూలుగా 1 ఇస్తుంది, మొత్తం 9. అంటే అటాక్ సున్నాలో ఉన్నా సరే 28 యంగూస్‌లు చాలు, నీకు కొంత ఇప్పటికే ఉంటుంది కాబట్టి ఇంకా తక్కువే. దక్షిణ ప్రాంతం గడ్డిలో అవి గుంపులుగా తిరుగుతుంటాయి, నీ గార్చాంప్‌కి ఒక్క దెబ్బ. అరగంట కూడా పట్టదు. స్పీడ్‌కి ఇదే పని పవర్ యాంక్లెట్ తగిలించి ఫ్లెచ్‌లింగ్‌ల మీద చేయొచ్చు.

ఒక్క జాగ్రత్త. ఈ ఆటలో అనుభవం టీమ్ మొత్తానికీ పంచబడుతుంది, ఆపే వీలు లేదు. ఈవీలు మాత్రం పంపకం కాదు, వెంట ఉన్న ఆరింటికీ పూర్తిగా చేరతాయి. నువ్వు గార్చాంప్ కోసం యంగూస్‌లని కొడుతుంటే, పక్కన ఉన్న మిగతా ఐదింటికీ అటాక్ చేరుతూనే ఉంటుంది. కష్టపడి పెంచిన స్పెషల్ అటాకర్ కోటా ఇంకా నిండకుండా వెంట ఉంటే దాన్ని బాక్స్‌లో పెట్టేయ్. అదే అటాక్ కావాల్సినవి ఇంకా ఉంటే, వాటన్నిటికీ పవర్ బ్రేసర్‌లు తగిలించి ఒకేసారి తిప్పు, ఆ 28 యుద్ధాల్లో ఆరూ తయారవుతాయి. పోకెమాన్‌ని పట్టుకున్నా, ఓడించినట్టే ఈవీలు వస్తాయి. లెవల్ పెంచే రేర్ క్యాండీ, ఎక్స్‌పీ క్యాండీల వల్ల ఈవీలు రావు, వాటిని ధైర్యంగా వాడుకోవచ్చు.

ఇక నేచర్. హార్డీతో స్పీడ్ 252 నింపితే 154 దగ్గర ఆగుతుంది. మెసాగోజాలోని చాన్సీ సప్లై దుకాణంలో, నేచర్ ప్రభావాన్ని మార్చే జాలీ మింట్ దొరుకుతుంది. అది తినిపిస్తే 169 వస్తుంది, స్పెషల్ అటాక్ పది శాతం తగ్గుతుంది, గార్చాంప్‌కి దాంతో పనే లేదు. అయితే కొనేముందు ఒక్క నిమిషం ఆగు. జాలీతో అటాక్ 182. అదే అటాక్ పెంచే అడమెంట్ మింట్ అయితే అటాక్ 200, స్పీడ్ 154. మీ ఫ్రెండ్‌ని ఓడించడం ఒక్కటే లక్ష్యమైతే జాలీ తప్ప దారి లేదు. ర్యాంక్డ్ (ఆన్‌లైన్ ర్యాంకుల పోటీ) కూడా ఆడతానన్నావు కాబట్టి ఇంకెవరెవరిని దాటాలో చూసుకో. బేస్ స్పీడ్ 100 ఉన్న చారిజార్డ్, స్పీడ్ పెంచే టిమిడ్ నేచర్‌తో పూర్తిగా నింపితే 167. జాలీ గార్చాంప్ దాన్ని రెండు పాయింట్లతో దాటుతుంది. బేస్ 110 ఉన్న గెంగార్, స్పీడ్ పెంచే నేచర్ లేకుండానే 162. అడమెంట్ గార్చాంప్ 154తో ఈ రెండింటి వెనకా పడుతుంది. టిమిడ్ గెంగార్ అయితే 178, దాన్ని రెండూ దాటలేవు. నా అభిప్రాయం అడిగితే, వేగం పెంచే టెయిల్‌విండ్ లాంటి తోడు టీమ్‌లో ఉంటేనే అడమెంట్. లేకపోతే జాలీ. బేస్ 102 అన్న అంకె విలువంతా ఆ 100 గుంపుని దాటడంలోనే ఉంది, దాన్ని వదులుకోకూడదు.

ఇంకో చిన్న ముచ్చట, నాకు ఈ లెక్కలంటే ఎందుకంత ఇష్టమో నీకు తెలుస్తుంది. లెవల్ 50లో, ఐవీ 31 అయితే, మొదటి 4 ఈవీలకి ఒక పాయింట్, ఆ తర్వాత ప్రతి 8కి ఒక పాయింట్. జాలీ గార్చాంప్‌కి 252 పెడితే 169, 244 పెడితే 168. టిమిడ్ చారిజార్డ్ 167ని దాటడానికి 244 చాలు, మిగిలిన 8ని ఇంకోచోట వాడొచ్చు. మరో చోట, 212 ఈవీల దగ్గర స్పీడ్ 163, ఇంకో 8 పెట్టగానే 164 కాదు, ఏకంగా 165 అవుతుంది. నేచర్ గుణకం వేసి దశాంశం కొట్టేయడం వల్ల వచ్చే గెంతు అది. కానీ నీ విషయంలో ఎదురుగా ఉన్నది ఇంకో 169 గార్చాంప్. 244తో ఆపితే మళ్ళీ అతనిదే ముందు కొడుతుంది. కాబట్టి పూర్తి 252 పెట్టు. అప్పుడు ఇద్దరిదీ సమానం, ఎవరు ముందన్నది ప్రతి టర్న్‌లోనూ ఆట బొమ్మా బొరుసూ వేసి తేలుస్తుంది.

స్పీడ్ 252, అటాక్ 252 పోగా 6 మిగులుతాయి, అందులో పనికొచ్చేవి 4. చాలామంది అలవాటుగా ఆ 4ని హెచ్‌పీలో వేస్తారు. నీ గార్చాంప్‌కి, సొంత హెచ్‌పీ కొంత ఇచ్చి తన బదులు దెబ్బలు తినే బొమ్మని నిలబెట్టే సబ్‌స్టిట్యూట్ నేర్పావని రాశావు, అందుకే అక్కడ వేయొద్దంటున్నాను. హెచ్‌పీ ఐవీ కూడా 31 అయితే, ఈవీలు లేకుండా దాని హెచ్‌పీ 183. సబ్‌స్టిట్యూట్ నాలుగోవంతు తీసుకుంటుంది, అంటే 45. 183 నుంచి 138, 93, 48, 3. మధ్యలో దెబ్బ తగలకపోతే నాలుగుసార్లు వేయొచ్చు. అదే 4 ఈవీలు పెట్టి 184 చేశావనుకో, నాలుగోవంతు 46 అవుతుంది. 138, 92, 46. అక్కడితో సరి, ఉన్న హెచ్‌పీ నాలుగోవంతుకి మించి ఉంటేనే అది పనిచేస్తుంది కాబట్టి నాలుగోసారి రాదు. ఒక పాయింట్ పెంచి ఒక అవకాశం పోగొట్టుకున్నట్టు. ఆ 4ని స్పెషల్ డిఫెన్స్‌లో వేసెయ్. దాంట్లోనూ మందు కాకుండా, స్పెషల్ డిఫెన్స్ 1 ఇచ్చే హాపిప్‌ని పవర్ ఐటమ్ తీసేసి నాలుగుసార్లు కొడితే సరిపోతుంది.

రెండో ప్రశ్నగా టార్కోల్ అనే నీ ఇంకో పోకెమాన్ గురించి అడిగావు, దానికీ కార్బోస్ వేయాలా అని. దానికి ఒక్కటి కూడా వేయొద్దు. టార్కోల్ బేస్ స్పీడ్ 20. దాన్ని ఎంత పెంచినా ఎవరినీ దాటదు. దాన్ని ట్రిక్ రూమ్ అనే ఎత్తుగడలో వాడతారు, అందులో ఐదు టర్న్‌ల పాటు నెమ్మదైనదే ముందు కొడుతుంది. కథలో తిరిగినప్పుడు చేరిన స్పీడ్ ఈవీలు అక్కడ నీకే ఎదురు తిరుగుతాయి. కాబట్టి టమాటో బెర్రీలు దానికి వాడు, గార్చాంప్‌కి అక్కర్లేదన్నానుగా, అవి ఇక్కడ పనికొస్తాయి. స్పీడ్ తగ్గించి స్పెషల్ అటాక్ పెంచే క్వయట్ మింట్ ఇచ్చి, ఈవీలు హెచ్‌పీలో, స్పెషల్ అటాక్‌లో నింపు. ఐవీ 31 ఉన్నా అప్పుడు దాని స్పీడ్ 36కి దిగుతుంది. ఇంకా తక్కువ కావాలంటే స్పీడ్ ఐవీ సున్నా ఉన్నదాన్ని వెతకాలి, అది 22 దాకా వెళ్తుంది. మాంటెనెవెరాలో బాటిల్ క్యాప్‌తో చేయించే హైపర్ ట్రైనింగ్ ఐవీని పెంచుతుందే తప్ప తగ్గించదు, దానికోసం అక్కడికి వెళ్ళకు.

అన్నీ అయ్యాక గార్చాంప్ చేతిలోంచి పవర్ బ్రేసర్ తీసేయడం మర్చిపోకు. ఆ పవర్ ఐటమ్‌లన్నీ తగిలించుకున్నంతసేపూ స్పీడ్‌ని సగం చేస్తాయి. మా దగ్గర ఒక కుర్రాడు ఇవన్నీ పద్ధతిగా చేసి, అది తీయకుండానే ర్యాంక్డ్‌కి వెళ్ళి, తన గార్చాంప్ ఇంకా నెమ్మదిగానే ఉందని రెండు రోజులు టెన్షన్ పడ్డాడు. నువ్వు బ్రేసర్ తీశాక ఎల్ బటన్ నొక్కి గ్రాఫ్ చూడు, స్పీడ్ దగ్గర, అటాక్ దగ్గర రెండు మెరుపులు కనిపించాలి. కనిపించకపోతే ఏ స్టాట్ దగ్గర ఆగిందో, లెవల్ 50లో దాని అంకె ఎంతో ఇక్కడ రాయి, వెనక్కి లెక్కేసి ఎన్ని ఈవీలు తక్కువయ్యాయో చెప్తాను.